నాయన సెలవు పెట్టిన రోజు

“ఏం చెప్పినావమ్మా అంబికా? ఇంకోసారి చెప్పు… నా చెవులు సరిగా విన్నాయో లేదో!”

భాగీరథమ్మ చేతిలోని కాఫీ గ్లాసును బల్ల మీద పెట్టేసింది. వంటింటి గుమ్మంలో నిలబడిన అంబిక తల దించుకుంది. కోడలిగా బెంగళూరులోని ఈ మహదేవపుర ఫ్లాటులో అడుగుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఇంతవరకు అత్తగారి ముందు తల దించుకోవలసిన పని ఒక్కటీ చేయలేదు. ఈ రోజు మాత్రం…!

“మొన్న వీడియో కాల్లో చందు వాళ్ళమ్మ అడిగింది అత్తమ్మా, మీ నాన్నగారు ఏం చేస్తారని. నేను… స్టేడియంలో ఆఫీసరు అనేశాను.”

“అయ్యో తల్లీ!”

అంబిక తండ్రి గంగప్ప స్టేడియంలో పనిచేసే మాట నిజమే. కానీ ఆఫీసులో కాదు, మైదానంలో! ఇరవై ఏడేళ్ళుగా గడ్డి కోస్తాడు, నీళ్ళు పడతాడు, రోలరు నడుపుతాడు. మ్యాచ్ మధ్యలో వాన పడితే తోటివాళ్ళతో పరుగెత్తి పిచ్ మీదకు పెద్ద పెద్ద కవర్లు లాగుతాడు. ఆ జీతంతోనే కూతుర్ని ఇంజనీరింగ్ చదివించాడు. అంత చదువు చదివిన కూతురికి తండ్రి పని పేరు చెప్పడానికి నోరు రాలేదు! తన పెళ్ళి పందిట్లో అత్తవారి తరపు బంధువు ఒకావిడ “గడ్డి కోసేవాని బిడ్డా?” అని నవ్వింది. ఆ నవ్వు అంబిక చెవుల్లో అలాగే ఉండిపోయింది. ఆవిడ ఆ సంగతి ఎప్పుడో మరచిపోయి ఉంటుంది. అంబికే మరచిపోలేదు…

ఇప్పుడు ఆడపడుచు అనితకు హిందూపురం నుంచి మంచి సంబంధం వచ్చింది. ఇంతకుముందు రెండు సంబంధాలు చివరిదాకా వచ్చి చెదిరిపోయాయి. ఇదైనా కుదరాలని ఇంట్లో అందరూ మొక్కని దేవుడు లేడు. అబ్బాయి చందు తల్లి ఒక్కటే అడిగింది. “పిల్లను కూర్చోబెట్టి చూసేది మాకు ఇష్టం లేదమ్మా. శనివారం దినమంతా మీతో కలిసి తిరుగుతాం. మీ బెంగళూరు చూపించండి. మనుషులు తెలిసేది అట్లనే గదా!”

ఆ రోజును అమర్చే బాధ్యత అంబిక తీసుకుంది. చందు తల్లికి సంగీతమంటే ప్రాణం కాబట్టి ఉదయం జయనగరలో వీణ కచేరీ. చందుకు క్రికెట్ పిచ్చి కాబట్టి మధ్యాహ్నం స్టేడియంలో మ్యాచ్. సాయంత్రం చిక్కపేటలో పట్టుచీరలు. మధ్యలో భోజనం ఎక్కడ, కారు ఎక్కడ ఆపాలి, వాన వస్తే ఏం చేయాలి… అన్నీ కాగితం మీద రాసుకుంది. వాన సంగతి ఫోనులో చూసి నమ్మకం కుదరక బుధవారం తండ్రినే అడిగింది.

“శనివారం మూడు దాటినాక ఒక దంచుడు దంచుతాదమ్మా. అర్ధగంట. మళ్ళీ తెరపిస్తాది, మ్యాచ్ జరుగుతాది, ఏం భయం లేదు” అన్నాడు గంగప్ప సంబరంగా. “టిక్కెట్లు యాల కొంటివి? నాకు పాసులిస్తారు గదా! మీవాళ్ళకు గ్రౌండంతా నేనే చూపిస్తా. ఆశమ్మనూ తీసుకురా, తాత పని చూస్తాది.”

అప్పుడు తోచలేదు అంబికకు, తాను దాచిన నిజం ఆ గ్రౌండులోనే నిలబడి ఉంటుందని!

“మ్యాచ్ మానేద్దాం” అన్నాడు భర్త హేమంత్‌కుమార్.

“ఎట్ల మానేది? ఆ పిల్లోడు మ్యాచ్ కోసమే ఎగిరెగిరి వస్తా ఉండాడు!” భాగీరథమ్మ నుదురు పట్టుకుంది. “ఇప్పుడు నిజం చెప్తే అనిత గతేమి? అబద్ధాలాడే ఇల్లు అనుకోరా? ఒకటి చెప్పినావు. ఈ ఒక్కరోజు అట్లే గడిచిపోనీ…”

అంబిక బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తండ్రికి ఫోన్ చేసింది.

“నాయనా… శనివారం నువ్వు… సెలవు పెడతావా?”

“శనివారమా? మ్యాచ్ ఉండాది గదమ్మా. యాల?”

“వచ్చేవాళ్ళకు నేను… నువ్వు ఆఫీసరని చెప్పినా నాయనా.”

అటువైపు నీళ్ళ పైపు చప్పుడు వినిపించింది. తిట్టి ఉంటే బాగుండేది! “నిన్ను చదివించింది ఇందుకేనా” అని ఒక్కసారి అరిచి ఉంటే ఎంత బాగుండేది!

“సరేలేమ్మా” అన్నాడు గంగప్ప మెల్లగా. “పెడతాలే. పిల్ల పెళ్ళి ముఖ్యం. నువ్వు బేజారు చేసుకోవద్దు.”

శనివారం రానే వచ్చింది. కచేరీలో వీణ మోగుతుంటే చందు తల్లి కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. చందు తండ్రి ఓబళప్ప, పొలం పనులతో ఒళ్ళు నల్లబడిన మనిషి, కండువా సర్దుకుంటూ ఒద్దికగా కూర్చున్నాడు. చందు, అనిత ఒకరివైపు ఒకరు దొంగచూపులు చూసుకుంటున్నారు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది! కానీ అంబిక చెవికి ఒక్క స్వరమూ ఎక్కలేదు. కచేరీ ముగిశాక చందు తల్లి ఆమె చేయి పట్టుకుని “ఎంత బాగా అమర్చినావమ్మా ఈ రోజును! మీ నాయనగారిని కూడా చూపిస్తావు గదా?” అంది.

“ఆయన… ఈరోజు సెలవులో ఉన్నారండీ” అంది అంబిక. ఈ ఒక్క మాటైనా నిజమే కదా అని మనసులో అనుకుంది. ఆ నిజం మరింత చేదుగా తగిలింది.

స్టేడియంలో వాళ్ళ సీట్లు కప్పు కిందే, కిందివరసలో, బౌండరీ తాడుకు దగ్గరగా ఉన్నాయి. చందు చిన్నపిల్లాడిలా ఈలలు వేస్తున్నాడు. మూడు దాటింది. చూస్తుండగానే ఆకాశం నల్లబడింది. టపటపా చినుకులు, వెంటనే కుండపోత! ఆటగాళ్ళు లోపలికి పరుగెత్తారు. ఇంకో పక్కనుంచి పదిమందికి పైగా మనుషులు నీలిరంగు కవరును లాక్కుంటూ మైదానంలోకి దూసుకొచ్చారు.

వాళ్ళలో చివరి మనిషి కొంచెం కుంటుతూ పరుగెత్తుతున్నాడు. టోపీ ముక్కు దాకా లాక్కుని ఉన్నాడు. ఆ నడక అంబికకు తెలియదా! చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని బడికి నడిచిన నడక అది…

“తాత! అమ్మా, మన తాత!” ఏడేళ్ళ ఆశ సీటు మీదకెక్కి చేతులూపింది. “తాతా! తాతా!”

ఆ కేకకు ఆ మనిషి ఒక్కసారి తల ఎత్తాడు. వానధారల్లోంచి అతని చూపు సూటిగా కూతురి మీద పడింది. మరుక్షణం టోపీని ఇంకా కిందికి లాక్కుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“మీ మామగారా?” చందు ఆశ్చర్యంగా హేమంత్‌ను అడిగాడు.

హేమంత్ భార్య వైపు చూశాడు. భాగీరథమ్మ మైదానం వైపే కళ్ళప్పగించి కూర్చుంది. అందరి చూపులూ అంబిక మీదకు తిరిగాయి.

“కాదు” అంది అంబిక. “ఎవరో… ఆశా, దిగు! ఆయన మన తాత కాదు!”

“మన తాతే!” పాప దిగలేదు.

“కాదని చెప్పానా!”

సరిగ్గా అప్పుడే గాలి కవరును పైకి లేపింది. తక్కినవాళ్ళు వదిలేశారు, చివరి మనిషి వదల్లేదు. కవరు అతన్ని నాలుగు బారలు ఈడ్చుకెళ్ళి బురదలో పడేసింది. పెద్ద తెర మీద ఆ దృశ్యం మళ్ళీ మళ్ళీ వేశారు. స్టేడియమంతా ఘొల్లుమని నవ్వింది! చందు కూడా నవ్వుతూ ఫోనులో వీడియో తీశాడు. ఓబళప్ప ఒక్కడే నవ్వలేదు. “చూడప్పా, పడినా పట్టు విడవలేదు ఆ పెద్దాయన!” అన్నాడు.

మోకాళ్ళ మీద లేచి, ఒక చేయి పొట్టకు అదుముకుని, రెండో చేత్తో కవరు అంచును లాగుతున్న తండ్రిని చూస్తూ అంబిక కూర్చుండిపోయింది. లేవాలి, ఆ కంచె దగ్గరకు పరుగెత్తాలి, నాయనా అని అరవాలి! కాళ్ళు కదల్లేదు. కాదు… కదపలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పక్కన ఆశ వెక్కుతూ తల్లి చేయిని విదిలించుకుని నానమ్మ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

అర్ధగంటకు వాన తెరిపిచ్చింది. మ్యాచ్ సాగింది. ముగిసింది కూడా. ఎవరు గెలిచారో అంబికకు తెలియదు.

సాయంత్రం చిక్కపేట చీరల కొట్లో తెల్లటి పరుపుల మీద చందు తల్లి అనితకు మామిడాకు రంగు పట్టుచీర ఆనించి చూస్తోంది. “ఇది నా కోడలికి!” అని నవ్వింది. భాగీరథమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో అంబిక ఫోన్ మోగింది. తల్లి అక్కయమ్మ!

“అంబికా… మీ నాయనకు చెయ్యి విరిగినాదే. ఇప్పుడే ఆస్పత్రి నుంచి ఇంటికి పిలుచుకొస్తిమి. నీకు చెప్పొద్దన్నాడు. ‘ఈ రోజు దానికి మంచి రోజు, కన్నీళ్ళు పెట్టించొద్దు’ అన్నాడు. నా మనసు ఊరుకోక చేస్తి…”

ఫోన్ అంబిక చేతిలోంచి జారి పరుపు మీద పడింది. చీరల మధ్యే కూలబడి, కొట్లో వాళ్ళంతా చూస్తున్నా లెక్కచేయకుండా భోరున ఏడ్చింది.

“ఆయన మా నాయనేనండీ! ఆ బురదలో పడింది మా నాయనే! ఆఫీసరని నేనే అబద్ధం చెప్పాను. సెలవు పెట్టమని నేనే అడిగాను. నా బిడ్డ తాతా అని పిలిస్తే కాదన్నాను… నా కళ్ళముందు చెయ్యి విరిగితే లేవలేదు! చూస్తూ కూర్చున్నాను!”

చందు ముఖం పాలిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి ఆ వీడియో చెరిపేశాడు. అతని తల్లి, అనిత భుజం మీది చీరను తీసి మెల్లగా మడత పెట్టింది.

“నువ్వు దాచిన పని తప్పుడు పని కాదమ్మా” అంది చందు తల్లి చివరికి. “ఆ పసిబిడ్డ నిజం చెప్తే అబద్ధమన్నావు చూడు… అది నాకు కష్టంగా ఉండాది.”

“తప్పు వదిన ఒక్కదానిదే కాదండీ” అనిత ముందుకొచ్చింది. “నా కోసమే దాచింది. నాకూ తెలుసు. తెలిసే ఊరుకున్నా. ఈ సంబంధం పోతే పోనీ, నేనిప్పుడు గంగప్ప మామను చూడాల.”

“దాంట్లో నాకూ పాలుండాదమ్మా” అంది భాగీరథమ్మ. “ఒక్కరోజు గడిచిపోనీ అన్నది నేనే…”

ఓబళప్ప కండువా దులుపుకుని లేచాడు. “మాటలు చాలు. పదండి అందరూ.”

హలసూరు గల్లీలో రెండో అంతస్తు మీది ఒంటిగది అది. మెట్లు ఇరుకు. గుమ్మంలో అంతమందిని చూసి, కుడిచేతికి కట్టుతో మంచం మీద ఉన్న గంగప్ప కంగారుగా లేవబోయాడు. చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకోవాలని చూశాడు, కుదరలేదు. వెనక వస్తున్నవాళ్ళకు వినిపించకూడదని గొంతు తగ్గించి, కూతురితో ఆత్రంగా అన్నాడు.

“తప్పయిపాయనమ్మా! నేను సెలవు పెట్టినా… నిజంగా పెట్టినా. నాతో పనిచేసే మునీంద్రకు జ్వరమని పొద్దున ఫోన్ చేసినారు. నేనూ లేక ఇద్దరు తక్కువైతే కవరు గాలికి లేస్తాది. మబ్బు చూసి ఉండలేకపోతి. టోపీ కిందికి లాక్కుంటి… ఎవరూ గుర్తు పట్టలేదు గదా? పిల్ల సంబంధానికి ఏం కాలేదు గదా?”

అంబిక ఆ మాటలకు తట్టుకోలేకపోయింది! క్షమించమని అడగవలసింది తాను. అడుగుతున్నది ఆయన! తండ్రి కాళ్ళ మీద పడిపోయింది. “నన్ను కొట్టు నాయనా… ఒక్క దెబ్బ కొట్టు!”

“ఏమిదమ్మా, లే, లే! వచ్చినోళ్ళు చూస్తా ఉండారు!”

అంబిక లేచింది. చెంగుతో ముఖం తుడుచుకోలేదు. ఓబళప్ప వైపు, ఆయన భార్య వైపు, చందు వైపు తిరిగి చేతులు జోడించింది.

“ఈయన మా నాయన. పేరు గంగప్ప. స్టేడియంలో గ్రౌండు పని చేస్తాడు.”

గంగప్ప తల దించుకున్నాడు. ఓబళప్ప వెళ్ళి మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నాడు. “అన్నా, నేను సేద్యగాణ్ణి. వానకు ఎదురు నిలబడే మనిషి ఎవరో నాకు తెలుసు. ఈరోజు ఒక్క ఓవరు కూడా తగ్గలేదు, మ్యాచ్ అంతా ఆడినారు.”

“అంతా ఆడినారా!” గంగప్ప ముఖం వెలిగింది. “పిచ్ తడవలేదన్న మాట!”

చందు దగ్గరకొచ్చి ఆయన పాదాలు తాకాడు. నవ్విన సంగతి చెప్పబోయాడు, చెప్పలేకపోయాడు. అతని తల్లి, అంబిక వైపు చూడకుండానే అక్కయమ్మతో, “వచ్చే నెల తాంబూలాలు మార్చుకుందామక్కా. మీరిద్దరూ మొదటి వరసలో కూర్చోవాల” అంది. అనిత గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంది.

అక్కయమ్మ సంగటి, పప్పు కలిపిన కంచం తెచ్చింది. అంబిక దాన్ని అందుకుంది. గంగప్ప సిగ్గుపడుతూ, “తర్వాత తింటాలే, పెద్దలుండారు” అన్నాడు. అంబిక వినలేదు. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. ఆయన తిన్నాడు. ఆశ వచ్చి తాత ఎడమచేతిని పట్టుకుని కూర్చుంది. తల్లి వైపు మాత్రం ఇంకా చూడలేదు. చూడమని అడిగే ధైర్యం అంబికకు లేదు. అది ఎన్నాళ్ళకు మానే గాయమో…

పెద్దవాళ్ళంతా క్షమించారు. అత్తగారు క్షమించింది, వచ్చినవాళ్ళు క్షమించారు. తండ్రికైతే కోపమే రాలేదు. ఆ రాని కోపమే అంబికను దహించేస్తోంది! తల వంచుకుని ముద్ద వెంట ముద్ద పెడుతోంది గానీ ఆయన కళ్ళలోకి చూడలేకపోతోంది.

కంచం సగమయ్యాక గంగప్ప ఎడమచేత్తో కూతురి మణికట్టు ఆపాడు.

“నాకు చాలమ్మా” అన్నాడు. “పొద్దున్నుంచి తిరుగుతా ఉండావు… నువ్వు తిన్యావా?”