ముక్కు మ్యూజియంలో మొద్దు ముక్కు

“సెప్పండి మరి. ఏటి వాసన?”

కళ్ళకు గంతలు కట్టుకుని, మూత తీసిన రాగిచెంబు మీదికి వంగి ఉన్నాడు ఫణిభూషణ్. గట్టిగా పీల్చాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

“ఇంగువ,” అన్నాడు తెగించి.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

“మొగలి పువ్వండీ బాబూ! గంజాం జిల్లాలో పుట్టి కేవడా వాసన తెలీదేటి?” అంది మొదట అడిగిన ఆడగొంతు.

బరంపురం గిరి రోడ్డులో ఒక పాత మేడ మీద కొత్తగా తెరిచిన ముక్కు మ్యూజియం అది. అక్కడ చూడడానికేమీ ఉండదు. వరసగా చెంబులుంటాయి. వాసన చూసి పేరు చెబితే గంట కొడతారు. ఆదివారం కదా అని తల్లి గౌరమ్మ బలవంతాన లాక్కొచ్చింది.

రెండో చెంబు దగ్గర “సబ్బు” అన్నాడు. అది కొత్త పట్టుచీర. మూడోదాన్ని “కాఫీ” అన్నాడు. అది కర్పూరం.

“వీరే ఈవేల్టి మొద్దు ముక్కు!” అంటూ మ్యూజియం నడిపే ఆ అమ్మాయి అతని ముఖానికి ఎర్ర కాగితం ముక్కు తగిలించింది.

ఫణి గంతలు లాగేశాడు. ఎదురుగా పెద్ద కళ్ళు, ఆపుకోలేని నవ్వు. మరో వేళైతే ఆ నవ్వుకి మురిసిపోయేవాడే.

“ఖాళీ చెంబులెట్టి టికెట్లమ్ముతారేటండీ? సిగ్గులేదూ?”

నవ్వు మాయమైంది. “నా చెంబులు ఖాళీయా? మీ బుర్రే ఖాళీ!”

కాగితం ముక్కు ఆమె చేతిలో పెట్టి చరచరా మెట్లు దిగిపోయాడు. బయట వాన దంచుతోంది. చేసేది లేక అక్కడే చూరు కింద నిలబడ్డాడు.

కాసేపటికి ఆ అమ్మాయే గొడుగు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

“మీ అమ్మగారు సెప్పారు,” అంది రొప్పుతూ.

“అయితే జాలి పడ్డానికొచ్చారా?”

“కాదు, దెబ్బలాడ్డానికొచ్చాను. నాకు వాసన రాదని ఒక్క ముక్క సెప్తే నోరరిగిపోతాదా? అంతమందిలో నాను ఎర్రిదాన్లాగా మీకు ముక్కెట్టీసినాను!”

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. వాన నీళ్ళు కావవి. ఫణి కోపం ఎటు పోయిందో పోయింది.

ఆమె పేరు అరుణజ్యోతి. ఆ మాట చెప్పిందో లేదో అతను తన కథంతా చెప్పేశాడు. స్టేషన్ దగ్గర తల్లీ కొడుకూ టిఫిన్ హోటల్ నడిపేవారు. ఒక జ్వరం వచ్చి తగ్గింది. దాంతోపాటే వాసనా పోయింది. ఒకరోజు వంటింట్లో గ్యాస్ లీకవుతుంటే తెలియక అగ్గిపుల్ల గీయబోయాడు. గౌరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ తరువాత అతను పొయ్యి ముట్టుకోలేదు. హోటల్ మూసేసి కొరియర్ ఆఫీసులో చేరాడు.

“రోజూ వాసనలు పీలుస్తా, గేపకం సేసుకుంటా ఉంటే కొందరికి తిరిగొస్తాదట, డాక్టర్లే సెప్తారు,” అంది జ్యోతి. “సోమవారం మ్యూజియం సెలవు. సాయంత్రం రండి. గొడవాడకండా రండి.”

వెళ్ళాడు. ఆ సోమవారమే కాదు, ప్రతి సోమవారమూ.

“మొగలి పువ్వంటే ఏటి గుర్తొస్తాది?” అని ఆమె అడిగేది. మేనత్త పెళ్ళిలో జడకోసం దాచిన మొగలి రేకులు దొంగిలించి దెబ్బలు తిన్న సంగతి చెప్పేవాడు. ఆమె చెంబు పక్కన పెట్టి పకపకా నవ్వేది. వాసన మాత్రం రాలేదు. అయినా ఫణికి వారం సోమవారంతోనే మొదలై, సోమవారంతోనే ముగుస్తున్నట్టుండేది.

వానలు పోయి చలి వచ్చింది. ఒకరోజు అతనే అన్నాడు. “ఇంక రానండీ. ఇది బాగయ్యేది కాదు. మీ టైమ్ పాడు సేస్తన్నాను.”

జ్యోతి మూతలు ఒక్కొక్కటే మూసింది. “అయితే మీరొచ్చేది వాసన కోసమేనన్నమాట.”

కాదని చెప్పాలనుకున్నాడు. కానీ పొయ్యి దగ్గర నిలబడలేనివాడు, ఒక ఆడపిల్లను నాతో రమ్మని ఏ ముఖంతో అడుగుతాడు?

“ఠిక్ అఛి, అలాగే కానీండి,” అంది ఆమె పొడిగా. “కొత్త చెంబులోకి సరుకు తేవాల. రేపు పొద్దున్నే ఆర్యపల్లి ఎల్తన్నాను. మోయడానికైనా రండి.”

ఆర్యపల్లి ఒడ్డున పడవలు లాగి ఉన్నాయి. ఇసుకలో పరిచిన వలల మీద చేపలు ఎండుతున్నాయి. చిట్టమ్మ అనే బెస్తామెతో జ్యోతి బేరమాడుతోంది. ఫణి వెనక సంచీ పట్టుకుని నిలబడ్డాడు.

సముద్రం మీంచి గాలి ఒక్కసారి ఇటు తిరిగింది.

“ఛీ! ఏటీ కంపు!”

చిట్టమ్మ సర్రున లేచింది. “కంపేటి బాబూ? ఎండు సేప కాడ అత్తరు వాసనొస్తాదేటి?”

జ్యోతి చేతిలోంచి చేపలు జారిపోయాయి. “ఏటన్నారు? మళ్ళీ అనండి!”

“కంపు... జ్యోతిగారూ, కంపు!” అంటూ మోకాళ్ళ మీద కూలబడి, గుప్పెడు చేపలు ముఖానికి హత్తుకున్నాడు. నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. అంతలోనే తలెత్తాడు. “పోయింది.”

“పోనీండి. ఒక పాలి వొచ్చింది గదా, మళ్ళీ వొస్తాది.”

“రాకపోయినా పరవాలేదు.” అతనికే తెలియకుండా మాట బయటికొచ్చింది. “నేనొచ్చింది వాసన కోసం కాదు. మొదట్లో అందుకే. తరవాత... మీ కోసమే. జీవితాంతం వొస్తాను, రమ్మంటే.”

జ్యోతి చెంపలు ఎర్రబడ్డాయి. “ఎండు సేపలట్టుకుని ఇలాటి మాటెవలైనా అడుగుతారేటి?” అంది. కానీ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఫణి మరో చేత్తో ఇంటికి ఫోన్ చేశాడు. “అమ్మా! నాకు వాసనొచ్చిందే!”

అవతల గౌరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంతసేపటికో తేరుకుంది. “ఒరే, ఆ పిల్లకి సెప్పీసినావా?”

“పక్కనే ఉందమ్మా. తనకే ముందు తెలిసింది...”

“వాసన గురించి కాదురా, మొద్దూ!”

జ్యోతి ఫోన్ లాక్కుంది. “సెప్పీసినారు, అత్తమ్మా!”