బతికుండగానే రాసిన విలాపం

నల్లబట్టలు వేసుకుని, చేతిలో భోజనం పళ్లెంతో పరామర్శకు వచ్చిన పొరుగింటి ప్రూయెట్ గారి భార్య, తలుపు తీసిన మనిషిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. తీసింది లవీనియా. ఎవరు పోయారని ఆవిడ ఏడుస్తూ వచ్చిందో, ఆ లవీనియాయే!

పాపం, ఆవిడ తప్పేముంది? ఆ ఉదయం ఫిలడెల్ఫియా వారపత్రికలో 'సమాధిలో నిద్రించే నా లవీనియాకు' అనే విలాపగీతం అచ్చయింది. రాసింది సాక్షాత్తూ భర్త ఆంబ్రోస్. దయ్యాల కథలు, చనిపోయిన అందగత్తెల పాటలు రాయడంలో అతనికి సాటి లేరు. బతికున్న పెళ్ళాం పక్కన కూర్చోవడమే అతనికి చేతకాదు. క్షయతో ఆమె దగ్గడం మొదలుపెడితే చాలు, లేచి సారాకొట్టుకు పోయేవాడు.

లవీనియా తల్లి టాబిత ఆ పత్రిక చదివి కుప్పకూలింది. కాసేపటికి లేచి, కళ్ళు తుడుచుకుని పెట్టె సర్దింది. సాయంత్రం బండికి కూతుర్ని పల్లెలో ఉన్న తన అన్నగారింటికి తీసుకుపోతానంది. వైద్యుడు మిగిలాయన్న నాలుగు నెలలైనా మనుషుల మధ్య ఉంటుందని ఆ తల్లి ఆశ... లవీనియాకు మాత్రం ఆ నాలుగు నెలలూ భర్త దగ్గరే గడపాలని ఉంది. ఆ మాట అమ్మతో ఎలా చెప్పాలో తెలియక సర్దిన పెట్టె పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం ఆంబ్రోస్ వచ్చాడు. టాబిత అడ్డంగా నిలబడి, ఇక ఈ ఇంట్లో నీకు ఏడవాల్సిన పనేమీ మిగల్లేదు, ఎలాగూ ఏడ్చేశావు కదా అని దెప్పింది. అతను తల వంచుకున్నాడు. రేపో మాపో అని ఎదురుచూడటం తన వల్ల కాలేదని, అంతా అయిపోయిందని రాసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టిందని గొణిగాడు.

"అతన్ని రానీ అమ్మా," అంది లవీనియా. "పాట బాగుందయ్యా. కానీ అందులో నావి నీలికళ్ళని రాశావేం?"

ఆంబ్రోస్ లోపలికొచ్చి, తల వంచుకునే ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"నీలికళ్ళ పిల్లెవరో పోయినట్టుంది. నేనింకా ఇక్కడే ఉన్నాను. ఒకసారి ఇటు చూడు."

అతను తలెత్తాడు. ఎన్ని నెలలైందో ఆమె మొహం సరిగా చూసి! చిక్కిపోయిన ఆ మొహంలో తేనెరంగు కళ్ళు అతనికేసి నవ్వుతున్నాయి. అంతలో దగ్గు తెర వచ్చింది. ఆంబ్రోస్ లేచాడు. పోతున్నాడనే అనుకుంది టాబిత. అతను గిన్నె తెచ్చి ఆమె నోటి దగ్గర పట్టాడు, రెండో చేత్తో వీపు నిమిరాడు. దగ్గు తగ్గేదాకా అక్కడి నుంచి కదల్లేదు. టాబిత పెట్టెలోని బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది.

మంచు పడే రోజుల్లో లవీనియా భర్త చేతుల్లోనే కన్ను మూసింది. పత్రిక సంపాదకుడు వచ్చి, ఇప్పుడు నిజంగా రాయమని, అడిగినంత ఇస్తానని బతిమాలాడు. ఆంబ్రోస్ ఒక్క చరణం కూడా రాయలేదు. తాగి తాగి అతని కవిత్వం ఎండిపోయిందని ఊళ్ళో అనుకున్నారు.

ఎందుకు రాయలేదని టాబిత కూడా అడిగింది.

"ఊహించి రాయడానికేం మిగల్లేదు అత్తయ్యా," అన్నాడు. "నేను అక్కడే ఉన్నాను కదా."

ఇన్నేళ్ళూ అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడానికైనా మనసొప్పని ఆ తల్లి, చారు గిన్నె అతని ముందుకు జరిపింది.

"తిను నాయనా, చల్లారిపోతుంది," అంది.