మున్షీ ఇంట్ల ముద్దాయి

"ఎల్లారెడ్డి ఘనీ... హాజర్ హో..."

గల్లీ ఆ చివరి నుంచి వచ్చింది కేక. అప్పుడే వాన వెలిసింది, కరెంటు పోయింది. హోటల్‌కు తిననీకి బయలుదేరిన ఘనీ కాలు బురదలనే ఆగిపోయింది.

ఎందుకంటే, ఆ చివర ఉన్నది మున్షీ ఇల్లు.

కామారెడ్డి స్టేషన్ రోడ్డు వెనక గల్లీల ఎవ్వరినన్న అడుగుండ్రి, చెప్తరు. వెనకట ఆ ఇంట్ల వకీలు దగ్గర పనిచేసే మున్షీ ఒకాయన ఉండెటోడట. సచ్చిపోయినంక గూడ కోర్టు పని ఇడువలేదట. చీకటి పడ్డదంటే పేర్లు పిలుస్తడట... పలికినోడు తెల్లారేసరికి మంచం పడ్తడట. ఘనీకి రూము కిరాయికిచ్చిన చంద్రవ్వ మొదటి రోజే చెవుల ఊదింది — "బిడ్డా, ఆ ఇంటి దిక్కు సూడకు. మూడుసార్లు పిలిస్తెనే మనిషి. రెండుసార్లకే ఆగిందంటే... అది మనిషి గాదు."

ఘనీ భయపడే రకం గాదు. దుబాయిల ఏండ్లకేండ్లు క్రేన్ నడిపినోడు. కాని నలభై దాటినంక లా చదువుల చేరిండు చూడుండ్రి, అప్పుడు పట్టుకుంది భయం. మొదటి రోజు క్లాసులకు అడుగు పెట్టంగనే పిల్లలందరు లేచి నిలబడ్డరు — సారు వచ్చిండనుకొని. ఆయన పోయి చివరి బెంచీల కూసున్నడు. ఇగ ఎవ్వరికీ ఏం మాట్లాడాల్నో తెలువలే. "నమస్తే సార్" అంటరు, పక్కకు జరుగుతరు. నెల దాటినా గదే కథ.

అందుకే ఆ పొద్దు బ్యాగు సర్దిండు. ఎల్లారెడ్డిల ఉన్న భార్య బిల్కిస్‌కు ఫోన్ చేసి, "రేపటి బస్సుకు వస్తున్న. ఈ చదువు నాతోని గాదు" అన్నడు. "నీ ఇష్టం" అన్నది ఆమె. ఆ 'నీ ఇష్టం' ఎట్లుంటదో పెండ్లయినోళ్ళకు వేరే చెప్పాల్నా.

"ఎల్లారెడ్డి ఘనీ... హాజర్ హో..."

రెండోది. ఇంకోసారి పిలిస్తే మనిషి... పిలువకపోతే...

పిలువలే.

గల్లీల చీమ చిటుక్కుమంటలేదు. చూర్ల నుంచి నీళ్ళు మాత్రం — టప్... టప్...

ఉరుకుదామనుకున్నడు. కాని ఆ రోజే క్లాసుల చెప్పిన పాఠం అడ్డం పడ్డది. పేరు పిలిచినప్పుడు కోర్టుల లేకుంటే, మనం లేకుండనే తీర్పు అయిపోతది. దయ్యం కోర్టుల గూడ గదే రూలైతే? పలికితే మంచం... పోకుంటే తీర్పు... ఎటూ పాలుపోలే. ఆఖరికి ఒక సందు దొరికింది — హాజరు గావాలె గని, పలుకాలని యాడ ఉంది?

నోరు మూసుకొని పోయిండు.

తలుపు ఓరగ ఉంది. లోపల ఒక్కటే మైనపువత్తి. దానికి పైన, గాలిల... రెండు తెల్లటి నాలుకలు ఏలాడుతున్నయి. వాటికి పైన తల లేదు. కింద ఒళ్ళు లేదు.

"ముద్దాయి వచ్చిండా..." గుసగుస.

"వచ్చిండు..." తలుపు వెనక నుంచి ఇంకో గుసగుస.

"నేరం ఒప్పుకుంటున్నవా?" తెల్లటి నాలుకలు కదిలినయి.

ఘనీకి దువా చదువుదామంటే మొదటి మాటే మతికొస్తలేదు. నోట్లకెళ్ళి వేరేది వచ్చింది.

"నాకు... వకీలు లేడు."

"ఏందీ?" అన్నయి నాలుకలు.

"వకీలు లేకుండ నన్ను అడుగనీకి లేదు. దుబాయిల మా రూముల ఉండే లస్మయ్య గిట్లనే నిలబడ్డడు. ఎవరో చేసిన దొంగతనం ఆయన మీద పడ్డది. భాష రాదు, ఆయన దిక్కు మాట్లాడేటోడు లేడు. అడిగినదానికల్ల తలకాయ ఊపి జైలుకు పోయిండు. గందుకే నేను ఈ చదువుకు వచ్చిన. మనిషివో దయ్యానివో... ముందుగాల నాకు వకీలును ఇయ్యి. అందాక ఒక్క ముక్క చెప్ప."

చేతులు కట్టుకొని నిలబడ్డడు.

ఇగ ఒక్కసారి చప్పట్లు. ఫోన్ల లైట్లు వెలిగినయి.

బల్ల మీద కుర్చీ. కుర్చీల నల్ల కోటు ఏసుకొని, మొఖానికి అడ్డంగ నల్ల ఫైలు పట్టుకున్న ఎస్తేర్. ఆ తెల్లటి నాలుకలు వకీళ్ళు మెడకు కట్టుకునే పట్టీ కొసలు. తలుపు వెనక కేకలేసే బంట్రోతు అక్షయ్. మూలకు సమీరా, మున్షీ మనుమరాలు. ఇంటి తాళం ఆమెదే. ఇంకా నలుగురు. అందరు ఘనీ క్లాసోళ్ళే.

"మూడోసారి పిలుద్దామంటే దగ్గొచ్చింది సార్" అన్నడు అక్షయ్. "కాలేజీల ఉత్తుత్తి కోర్టు పోటీ ఉంది గదా, గందుకు ప్రాక్టీసు. అందరు వకీళ్ళమే అయితమంటున్నరు, ముద్దాయి దొరుకుతలేడు. మీ నంబరు లేకపాయె. ఈ టైముకు ఇటుకెళ్ళి హోటల్‌కు పోతరని గట్ల పిలిచిన..."

"నేను గూడ మొదటేడే. సార్ అనకు."

"మరి మీరేమో బెల్లు కొట్టంగనే ఎల్లిపోతరు. మా మీద కోపమేమో అనుకున్నం."

ఘనీ గోడ ఆసరతోని కూలబడ్డడు.

"మా మున్షీ నానా ఎవర్నీ మంచం పట్టియ్యలే అన్నా" అన్నది సమీరా, నీళ్ళందిస్తూ. "ఆయనకు నిద్రల పేర్లు పిలిచే అలవాటుండె, గంతే. నీ కేసు నేను తీసుకుంట."

"నేను తీసుకుంట" అన్నడు అక్షయ్.

"నువ్వు బంట్రోతువు."

"ఇప్పుడే రాజీనామా చేసిన."

"ఆగుండ్రి" అన్నడు ఘనీ మెల్లగ. "రేపు పొద్దుగాల నేను ఎల్లారెడ్డి పోతున్న. మళ్ళ రాను. బ్యాగు గూడ సర్దిన."

ఎస్తేర్ జడ్జి సుత్తె లెక్క చపాతీ కట్టెతోని బల్ల మీద కొట్టింది.

"కేసు సోమవారానికి వాయిదా. ముద్దాయి ఊరు దాటొద్దు. వకీలెవరో ముద్దాయే చెప్పాలె."

ఘనీ ఒక్కొక్కరి మొఖం చూసిండు. అందరు తననే చూస్తున్నరు.

"తిన్నంక చెప్త" అన్నడు.

సమీరా కింద అన్నం తినే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది. బగారా అన్నం, కోడికూర గిన్నెల మూతలు తీస్తే ఇల్లంత వాసన. ఎస్తేర్ మాత్రం కుర్చీ దిగలే.

"జడ్జి ముద్దాయితోని కలిసి తినొద్దు" అన్నది.

"సరే, నీ ముక్కలు నేను తింట" అన్నడు అక్షయ్.

ఎస్తేర్ కోటు ఇప్పి బల్ల మీదికెళ్ళి దుంకింది. జరుగు, జరుగు అనుకుంట అందరు కూసున్నరు. జాగ సాలక అక్షయ్ మోకాలు ఘనీ ఒళ్ళెకు వచ్చింది, ఘనీ జరుగలే. గిన్నె ముందుకు గుంజి అందరికి వడ్డియ్యవట్టిండు.