శ్రీలత మేడం వాళ్ళ సారు

శంషాబాద్‌లోని ఆ ఇంట్లో పొద్దున ఏడింటికి కుక్కర్ కూత పెట్టకూడదు. అది శ్రీలత పెట్టిన రూలు. ఆ సమయంలో ఆమె డైనింగ్ టేబుల్ మీద ఫోను నిలబెట్టి, ఆ రోజు బడిలో డిజిటల్ బోర్డు మీద చూపించబోయే సైన్సు పాఠానికి మాటలు రికార్డు చేసుకుంటుంది. ఇంటి మీదుగా విమానం పోతే ఆగుతుంది. అది పోయాక మళ్ళీ మొదలుపెడుతుంది.

ఆ రోజు విమానం పోయింది గానీ, ఆమె భర్త నరేందర్ మాత్రం వంటగదిలోంచి పోలేదు. "మన గుండెకు నాలుగు గదులు ఉంటాయి" అని ఆమె అన్నదో లేదో, మిక్సీ గర్రుమంది.

"ఏందిరా నరేందరూ!" చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తల్లి భారతమ్మ కసిరింది. "కోడలు పాఠం చెప్తుంటే నీకు ఇప్పుడే పచ్చడి యాదికొచ్చిందా? ఉప్మాల పచ్చడి ఎన్నడన్న తిన్నవా నువ్వు?"

"తినాలనిపించిందమ్మా. నా ఇంట్ల నేను పచ్చడి గూడ చేస్కోవద్దా?"

"పోనియ్ అత్తమ్మా, మల్ల చెప్పుకుంట" అంటూ శ్రీలత నవ్వి ఫోను ఆపేసింది. ఆమె కోపం తెచ్చుకున్నా బాగుండేది. ఆ నవ్వుకే అతనికి ఇంకా మండింది.

ఇద్దరూ మంఖాల్ దగ్గర ఒకే ప్రభుత్వ హైస్కూల్లో టీచర్లు. అతను లెక్కలు, ఆమె సైన్సు. హెడ్మాస్టర్ రిటైరయ్యాక సీనియర్ గనక ఇన్‌చార్జి కుర్చీ, దాంతోపాటు తాళాల గుత్తి నరేందర్‌కు వచ్చాయి. సుద్దముక్క పట్టి ఒక్క గీతలో గుండ్రటి వృత్తం గీస్తే పిల్లలు చప్పట్లు కొట్టిన రోజులున్నాయి అతనికి. తర్వాత బడికి డిజిటల్ బోర్డు వచ్చింది. దాని మీద ట్రైనింగుకు టీచర్లందరూ వెళ్ళారు. అక్కడ టీ బాగుందని నరేందర్ చెప్పాడు. శ్రీలత మాత్రం పని నేర్చుకుని వచ్చింది.

భార్యకు పేరొస్తే మొగుడు సంతోషపడాలి. పడ్డాడు కూడా, మొదట్లో. "సార్, మీరు చెప్పిన గోళం మేడం బోర్డు మీద తిప్పి చూస్తం సార్" అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగేవరకు. ఆ పిల్లకేం తెలుసు, పుండు మీద కారం చల్లానని!

ఆ వారమే బడి చూడటానికి పై ఆఫీసర్ వచ్చాడు. నరేందర్ ఎదురెళ్ళి దండం పెడితే, ఆయన ముఖం విప్పార్చుకుని, "మీరు శ్రీలత మేడం వాళ్ళ సారు కదూ! మేడం పాఠాల గురించి రాజేంద్రనగర్‌లో కూడా చెప్పుకుంటున్నారండీ" అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసుకు చివరికి దక్కిన బిరుదు అది. నరేందర్ పళ్ళికిలించాడు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాడు.

ఆ సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన దంచికొట్టింది. శ్రీలత ఇంట్లో కాలు నిలవకుండా తిరిగింది.

"బోర్డు ప్లగ్గు పీకిన్నో లేదో యాదికొస్తలేదు. పిడుగు పడితే కాలిపోతదంట. నాకు భయమైతుంది."

మర్నాడు నరేందర్ ముందే బడికి వెళ్ళి బోర్డు ఉన్న గది తెరిచాడు. ప్లగ్గు పీకి ఉంది. వైరు చక్కగా చుట్టి మేకుకు తగిలించి ఉంది. అతను తలుపు మూసి తాళం వేస్తుండగానే శ్రీలత పరుగున వచ్చింది.

"ఏమైంది? మంచిగనే ఉందా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాడు. ఆఫీసర్ మాట చెవిలో గింగురుమంది.

"పోయింది. ప్లగ్గు పెట్టే ఉంది" అన్నాడు. "మెకానిక్ చూసేదాక ఎవ్వరూ ముట్టొద్దు."

శ్రీలత అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మొగుడి మాటను అనుమానించాలని ఆమెకు తోచనే లేదు.

తర్వాత పిల్లలు మళ్ళీ నల్లబల్ల వైపు తిరిగారు. కానీ ఇంట్లో పొద్దున పాఠం వినిపించడం ఆగిపోయింది. శ్రీలత కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. "లచ్చల సామాను అత్తమ్మా, పేదపిల్లల కోసమిచ్చింది. నా చేతులతోటి తగలబెట్టిన" అని భారతమ్మ దగ్గర కన్నీళ్ళు పెట్టుకునేది. నరేందర్ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. పైగా ఓదార్చేవాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ ఓదార్చడం అతనికి బాగుంది. చాలా రోజులకు ఆమెకు తన అవసరం పడింది మరి.

శనివారం పొద్దున శ్రీలత టిఫిను ముట్టకుండానే బడికి తయారైంది.

"ఇయ్యాల పిల్లల తల్లిదండ్రుల మీటింగుల నేనే చెప్త, బోర్డు నా నిర్లక్ష్యంతోటే పోయిందని."

నరేందర్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "నువ్వెందుకు చెప్పుడు? నేను చూస్కుంట గద."

"ఇన్‌చార్జివి నువ్వు. రేపు ఎవరన్న అడిగితే మాట నీ మీదికొస్తది. నా తప్పుకు నువ్వెందుకు తలొంచాలె?"

ఆ మాటకు అతను తల పైకెత్తలేకపోయాడు.

"బోర్డుకు ఏం కాలే."

"ఏందీ?"

"నువ్వు ప్లగ్గు పీకే వచ్చినవ్. నేనే అబద్ధం చెప్పిన." కంచం పక్కకు జరిపాడు. "పిల్లలకు నువ్వే కావాలె, ఆఫీసర్లకు నువ్వే కావాలె. నాకు పేరే లేకపాయె. ఓర్వలేకపోయిన శ్రీలతా."

శ్రీలత బ్యాగు కింద పెట్టింది.

"పెండ్లయిన కొత్తల నాకు లెక్కలు రాకపోతే పక్కన కూసోపెట్టుకొని నేర్పిస్తివి. టీచర్ పరీక్ష రాయించింది నువ్వే. నౌకరి వచ్చిన్నాడు గల్లీ అంత మిఠాయి పంచినవ్. అంటే, నేను నీ ఎనక ఉన్నన్ని రోజులే ముద్దుగున్ననా? జర ముందల నడిస్తే కుళ్ళు పుట్టిందా?"

"సిగ్గుండాలెరా" అంది భారతమ్మ. "ఆ పిల్ల ముద్ద ముట్టక ఎండుకపోయె. నువ్వు కడుపునిండ తిన్నవ్."

శ్రీలత బ్యాగు తీసుకుని, అతని బండి వైపు కూడా చూడకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మీటింగులో ఒక పిల్ల తండ్రి కుర్మయ్య మొదటే లేచాడు. "బోర్డు ఖరాబైందని మా బిడ్డ రోజు చెప్తుంది. నిజమేనా మేడం?"

శ్రీలత నిజం చెప్పి మొగుడి పరువు తీయొచ్చు. అబద్ధం చెప్పి కాపాడొచ్చు. ఆమె రెండూ చేయలేదు.

"సారు చెప్తరు" అని కూర్చుంది.

నరేందర్ ఎలాగో లేచి నిలబడ్డాడు.

"బోర్డు మంచిగనే ఉంది. మేడం పాఠం పిల్లలు నాకన్న ఎక్కువ ఇష్టంగ వింటున్నరని నాకు కుళ్ళు పుట్టింది. తాళమేసి, తప్పు మేడం మీద పెట్టిన. మేడం తప్పేం లేదు. అంత నాదే."

ఎవరో కిసుక్కున నవ్వి ఆగిపోయారు. కుర్మయ్య తల గోక్కుని, "సరే సారూ. ఇగ తాళం తియ్యిండ్రి మరి" అన్నాడు.

నరేందర్ తాళంచెవి తెచ్చి శ్రీలతకు ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు. "నాకెందుకు? తలుపు తీసే ఉంచుండ్రి. పిల్లలు ఎప్పుడన్న రావచ్చు."

మీటింగయ్యాక ఆమె ఆ గదిలో ఒంటరిగా బోర్డు మీది దుమ్ము తుడుస్తుంటే, అతను గడప దగ్గరే నిలబడ్డాడు.

"అందరి ముందల చెప్పినవ్" అంది ఇటు తిరగకుండానే. "సారుకు ఎంత ధైర్యమని రేపు మెచ్చుకుంటరు గూడ. మరి నాకేం చెప్పినవ్?"

నరేందర్ కళ్ళు నిండిపోయాయి. "నువ్వు ఏడుస్తుంటే నాకు మంచిగనిపించింది శ్రీలతా. గంత పాడైపోయిన నేను. మాఫ్ చెయ్."

చేతిలో గుడ్డ పట్టుకుని ఆమె బోరుమంది. ఇన్నాళ్ళూ తప్పు చేశానని ఏడ్చిన మనిషి, ఇప్పుడు మొగుడి కోసం ఏడ్చింది. అతను దగ్గరికి వెళ్ళాడు గానీ ముట్టుకునే ధైర్యం చాలలేదు. కాసేపటికి ఆమే కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇగ నువ్వు నేర్చుకోవాలె దీన్ని."

"నాకొస్తదంటవా?"

"నాకు లెక్కలొచ్చినయ్ గద! కానీ నువ్వు నన్ను ఒక్కసారి గూడ విసుక్కోలే. నేను విసుక్కుంట. ముందే చెప్తున్న."

"విసుక్కో. తిట్టు గూడ."

"అయితే ఫస్టు స్విచ్చెయ్యి."

అతను బోర్డు చుట్టూ తడుముతూ స్విచ్చు కోసం వెతికాడు. అదెక్కడుందో చెప్పకుండా, శ్రీలత తడికళ్ళతో చూస్తూ నిలబడింది.