నిర్మలి తేర్చిన ఆకాశం

మధ్యాహ్నం మూడు గంటలకు కదిరిలో ప్రతి ఇంటి లోకప్పు మీదా నక్షత్రాలు వెలుగుతున్నాయి. కృత్తికల కింద కూర్చుని ఆడవాళ్ళు కూరలు తరుగుతున్నారు. పాలపుంత కింద పిల్లలు కునుకు తీస్తున్నారు. బయట వీధి మాత్రం ఎండకు తెల్లబారి ఉంది. మరమ్మతు సంచి భుజాన వేసుకుని వకుళ ఆ రోజు ఐదో ఫిర్యాదు మీద దర్జీ ఓబులేసు ఇంటికి వచ్చింది.

కళ్ళతో ఆకాశాన్ని చూసే కాలం పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఊళ్ళ వెలుతురుకు చుక్కలు మాసిపోయాయి. మిగిలిన కాస్త చీకట్లో వేల ఉపగ్రహాలు పాకుతుంటాయి. అప్పుడు వచ్చాయి నింగిపలకలు. మిద్దె మీద ఉండే తారాక్షి అనే కెమెరా పొద్దుగుంకింది మొదలు తెల్లవారేదాకా అరనిమిషానికొక పటం తీస్తుంది. నిర్మలి అనే సాఫ్ట్‌వేర్ ఆ పటాలను గంటగంటకూ ఒకదాని మీద ఒకటి పేర్చి, చిల్లగింజ బురదనీళ్ళను తేర్చినట్టు ఆకాశాన్ని తేర్చి, లోకప్పుకు బిగించిన పలక మీద పగలు కూడా కనబడేలా పరుస్తుంది.

ఓబులేసుకు యాభై దాటాయి. కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు గానీ కుట్టడం లేదు.

వకుళ తలెత్తి చూసింది. "కెమెరా బాగానే పనిచేస్తాంది కదన్నా. చుక్కలన్నీ కనపడతాండాయే?"

"చుక్కలు నాకెందుకమ్మా? మా రత్న కనపడల్యా."

ఆయన భార్య రత్న తుంగ అనే మరమ్మతు నౌకలో వెల్డింగ్ పనికి వెళ్ళి రెండేళ్ళయింది. భూమి చుట్టూ తిరిగే ఆ నౌక నుంచి ఆదివారం ఆదివారం పది వాక్యాల సందేశం మాత్రం పంపనిస్తారు. నలభై రోజుల కిందట ఆమె ఇలా రాసింది: "రోజూ సాయంత్రం ఏడుకు పది నిమిషాల ముందు మేము కదిరి మీదుగా పోతాము. నౌక అడుగున పెద్ద దీపముంది. దాని మీట నా చేతిలోనే ఉంటుంది. మన ఊరు దాటేటప్పుడు ఆర్పి వెలిగిస్తా. చూడు."

ఓబులేసుకు రేచీకటి. సాయంత్రమైతే గడప కూడా కనబడదు. అందుకని కొత్తగా కెమెరా పెట్టించుకుని, దాని పని తనే నేర్చుకోబోయాడు.

"మొదటి వారం మూత తియ్యకుండానే తీసినా," అన్నాడు సిగ్గుపడుతూ. "తర్వాత మూడు దినాలు అంతా తెల్లగా వచ్చె. వెలుతురు తగ్గించల్లని తెలిశాక చుక్కలొచ్చె. ఆమె మాత్రం రాల్యా. ఏమీ కనపడల్యాదని రాస్తిని. నువ్వు చూడ్డమే ల్యాదని ఆమె రాసె. నువ్వే ఎలిగించడం ల్యాదని నేను రాస్తిని. ఆ మాట అనకుండా ఉండాల్సిండె. పోయిన ఆదివారం ఏమీ రాల్యా."

వకుళ మిద్దె ఎక్కింది. తీగలు గట్టిగానే ఉన్నాయి, అద్దం శుభ్రంగా ఉంది, తీసిన పటాల్లో చుక్కలు సూదిమొనల్లా స్పష్టంగా ఉన్నాయి. సెట్టింగులు తెరిచాక ఒకటి దొరికింది. కెమెరా గడియారం లండన్ సమయంలో ఉంది.

కిందికి వచ్చి, "ఐదున్నర గంటల తేడా అన్నా," అంది. "సాయంత్రం అనుకుని నువ్వు వెతికినవన్నీ నడిరేయి పటాలు."

ఆయన లేచి నిలబడ్డాడు. "అయితే ఉండాదా?"

గడియారం సరిచేసి అసలు సాయంత్రాల పటాలు వరుసగా తెరిచింది. పడమట శుక్రుడు, పైన లేతనీలం. అంతే. ఏ సాయంత్రం చూసినా అంతే.

"చూస్తివా," అని ఓబులేసు మళ్ళీ కూర్చున్నాడు. "ఎలిగించనే ల్యా."

వకుళ చాలాసేపు ఆ తేటనీలం వంకే చూసింది. అంత శుభ్రంగా ఉండటమే ఆమెకు అనుమానం కలిగించింది. అన్ని పటాల్లోనూ ఒకే చోట నిలిచినదాన్నే నిర్మలి ఉంచుతుంది. ఒకటి రెండింటిలో కనబడి తొలగిపోయేది దాని లెక్కలో మురికి. విమానమైనా, పక్షైనా, రాలే చుక్కైనా తుడిచేస్తుంది. ఆ మురికి కావాలని ఇంతవరకూ ఏ ఇంట్లోనూ ఎవరూ అడగలేదు.

"తేర్చకముందు పటాలు అరవై రోజులు లోపలే ఉంటాయన్నా. పచ్చి పటాలు. చూద్దాం ఉండు."

నిర్మలిని ఆపగానే లోకప్పు మీది నీలం కరిగి, మసక పసుపు ఆకాశం పరుచుకుంది. దాని నిండా గీతలే. వకుళ చుక్కలు మొదట దొరికిన సాయంత్రం ఏడుకు పది నిమిషాల ముందు తీసిన నాలుగు పటాలను ఏరి కలిపింది. నైరుతి మూల నుంచి తెల్లని గీత ఒకటి లావుగా సాగింది. మధ్యలో మూడు చోట్ల తెగి ఉంది.

ఓబులేసు ముక్కాలిపీట ఎక్కి వేలితో దాన్ని తాకాడు.

"గుడ్డకు టాకాలు ఏసినట్టుండాది," అన్నాడు.

మూతా, వెలుతురూ మింగేసిన మొదటి పది సాయంత్రాలు పోగా, పదకొండోది మొదలు పంతొమ్మిది సాయంత్రాలలో ఆ గీత తెగి తెగి కనిపించింది. ఒకనాడు నాలుగు చోట్ల తెగింది. ఒకనాడు ఒకే పెద్ద ఖాళీ, చెయ్యి మీట మీద మరిచిపోయినట్టు. మరునాడు ఏడు చిన్నవి, తొందర తొందరగా. చివరి పదకొండు సాయంత్రాలూ గీత ఎక్కడా తెగలేదు.

"అలిగి మానేసింది," అన్నాడాయన. "ఆదివారం రానీ, కాళ్ళు పట్టుకున్నట్టు రాస్తా."

రాశాడు. కార్యాలయంలో వకుళ ఈ సంగతి చెబితే, నిర్మలిలో లోపమేమీ లేదు, ఫిర్యాదు మూసెయ్యమన్నారు. ఆమె మూయలేదు. తర్వాతి ఆదివారం సాయంత్రం తనంతట తానే ఓబులేసు ఇంటికి వెళ్ళింది.

సందేశం వచ్చి ఉంది. ఆయన సందేశపు పలకను ఆమె చేతికిచ్చాడు.

"నేనిప్పుడు తుంగలో లేను. చంద్రుడి మీద గనుల పనికి మూడేళ్ళకు సంతకం పెట్టి పన్నెండో తేదీనే దిగిపోయాను. నువ్వు చూడనప్పుడు ఎక్కడుంటే ఏమిటిలే అనిపించింది. ఆ దీపం దగ్గర ఇప్పుడెవరున్నారో నాకు తెలియదు. ఒప్పందం మధ్యలో వదిలి రానివ్వరు. నువ్వు చూశావని ముందే తెలిసి ఉంటే బాగుండేది."

ఏ ఉపకరణం విప్పి దీన్ని బాగుచెయ్యాలో వకుళకు తెలియలేదు. "మూడేళ్ళేనన్నా," అంది చివరకు. ఆ మాట తన చెవికే చిన్నగా వినిపించింది.

"నిర్మలి మళ్ళీ పెట్టొద్దమ్మా. ఆ పంతొమ్మిదీ చెరిగిపోకుండా దాచి పెట్టియ్యి, చాలు."

ఆమె దాచింది. ఆయన మొదటిదాన్ని లోకప్పు మీద పరిపించుకున్నాడు. మిషన్ మీది గుడ్డలు పక్కకు జరిపి, సందేశపు పలక ముందుకు లాక్కున్నాడు.

"ఒక్కొక్క సాయంత్రానికి ఒక్కొక్క ఆదివారం జవాబు రాస్తా. ఇన్నాళ్ళూ ఆమె పలికింది, నేను పలకల్యా."

లోకప్పు వైపు చూస్తూ, తెగిన చోట్లను పెదవులతో లెక్కపెట్టుకుంటూ, వేలితో మెల్లగా రాశాడు:

"పదకొండో సాయంత్రం. మూడు సార్లు ఆర్పినావు. చూసినా."