పెన్సిలు తగలని ఫొటో

"ఏందన్నా, ఇది ఎవురి కన్ను?"

నెల్లూరులోని నా స్టూడియోలోకి వస్తూనే ప్రేమలీల ఫొటో నా ముందు పడేసింది. 1962 మాట. టీచరు ట్రైనింగు స్కూలు అప్లికేషనుకని మూడు నెలల కిందట దొరవారిసత్రం నుంచి వచ్చి దిగిన ఫొటో అది. ఎడమ కనురెప్ప కాస్త ఉబ్బినట్టుంటే, నెగెటివు మీద పెన్సిలుతో ఆ నీడ కనపడకుండా దిద్దాను. అందరికీ చేసే పనే. ఆమెకు మరికాస్త ఇష్టంగా చేశాను.

ఇంటర్వ్యూలో ఫొటో చూసి, ఇది నువ్వేనా అని అడిగారట. సీటు పోయినంత పనైందట. తిట్లకన్నా ఆ "అన్నా" నన్ను ఎక్కువ బాధించింది.

మళ్లీ తీస్తానని కూర్చోబెట్టాను. కెమెరాలో చూస్తే ఎడమ కన్ను ముందుకు పొడుచుకొచ్చి, కుడికన్నా కిందికి జారి ఉంది. ఉన్నదున్నట్టే తీశాను. పాత నెగెటివు మీది పెన్సిలు గీతలను దూదితో తుడిచి, పాతదీ కొత్తదీ రెండు ప్రింట్లూ తీసి ఆమెకు పక్కపక్కన చూపించాను.

"తలనొప్పిగా ఉంటాదా?"

"ఒకటి రెండుగా కనపడతా ఉండాది," అంది, ఈసారి మెల్లగా.

ఆ ప్రింట్లతో డాక్టరు దగ్గరికి వెళ్తే, చిన్నప్పటి నుంచీ ఆ కన్ను అంతేనని వాళ్ల నాన్న సంజీవరావుగారు అన్నారు. డాక్టరు రెండు ఫొటోలూ చూసి, మూడు నెలల్లో ఇంత తేడానా అని, ఆ రోజే మద్రాసు ఆసుపత్రికి రాసిచ్చారు. అక్కడ కంటి గూటిలోని గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరు. కన్నుతో సహా తీస్తేనే ప్రాణం దక్కుతుందన్నారు. ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు.

ప్రతి ఆదివారం నేను చర్చి ఎగ్గొట్టి మద్రాసు రైలెక్కేవాణ్ని. ఒకరోజు ఆమె అడిగేసింది.

"జాలితో వస్తా ఉండారా?"

"కాదు. నువ్వంటే ఇష్టం. కాకపోతే భయంగా ఉంది. ఆ పెన్సిలు పెట్టకుండా ఉంటే, ముందే ఎవరైనా కనిపెట్టేవాళ్లేమో."

"పెట్టినారు సరే. తుడిచింది కూడా మీరే గదా. అందుకే బతికుండాను," అంది ప్రేమలీల. "అన్నా" అనలేదు. దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండేళ్లకు, గడ్డ మళ్లీ రాలేదని డాక్టర్లు చెప్పిన వారమే, తండ్రీకూతుళ్లు స్టూడియోకు వచ్చారు. కంటి మీద నల్లగుడ్డ కట్టుకుంది. అలవాటుగా ముఖం కాస్త పక్కకు తిప్పమన్నాను.

"తిన్నగానే తీయండి. మీరూ వచ్చి పక్కన కూర్చోండి."

"మరి బల్బు నొక్కేదెవరు?"

సంజీవరావుగారు లేచి, కెమెరాకు వేలాడే రబ్బరు బల్బు చేతిలోకి తీసుకున్నారు.

"నేను నొక్కతాను గానీ, అల్లుడా, ఇంకాస్త దగ్గరికి జరుగు."

ఆయన బల్బును లాగి నొక్కారు. ఫొటో కాస్త అదిరింది. ఇప్పటికీ మా ఇంట్లో అదే ఉంది, దాన్ని నేను దిద్దలేదు.