పట్టుపురుగుల పెంట చెప్పిన సంగతి

శవాలు ఇరవై వేలకు తక్కువ ఉండవు.

అన్నీ ఒకే షెడ్డులో, తట్టల నిండా పడి ఉన్నాయి. తలలు పైకెత్తి, పచ్చటి రసం కక్కుకుని, ఒళ్లు ముడుచుకుని చచ్చాయి. ఇంకో రెండు రోజులు బతికితే పట్టుగూళ్లు కట్టేవి.

సత్తుపల్లి దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యే చోట ఒక తండా ఉంది. షెడ్డు ఆ తండాలోని మంగ్లిది. దాని వెనక ఎకరం మల్బరీ తోట కూడా ఆమెదే.

ఎస్సై సోని జీపు దిగింది. పురుగులు చచ్చాయని పోలీసులను పిలవడమేమిటని స్టేషన్లో అందరూ పగలబడి నవ్వారు. సోని నవ్వలేదు. ఆమె జువాలజీలో ఎమ్మెస్సీ. పురుగులంటే ఆమెకు అసహ్యం లేదు. అదంతా మనుషుల కోసం దాచుకుంది.

షెడ్డు ముందు ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉన్నారు.

మొదటివాడు శ్రీధర్, పట్టు రైతులకు సలహాలు చెప్పే ఫీల్డ్ అసిస్టెంట్. అతనికి జీతం ఇచ్చేది పురుగులను చూడడానికే. అవంటేనే అతనికి పడదు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని గుమ్మంలోనే తీర్పు చెప్పేశాడు.

"తెగులు మేడం. ఈవిడ శుభ్రత పాటించలేదు. ఇక ఈ షెడ్డుకు పట్టుపురుగు గుడ్లు ఇవ్వం."

రెండోవాడు చెంచురామయ్య. తోటను ఆనుకున్న మిరప చేనూ, ఆ పైన పామాయిల్ తోటా ఆయనవే. అంత భూమి ఉన్నా ఆ ఎకరం మల్బరీ మీద నుంచి ఆయన కన్ను కదలడం లేదు.

మూడోవాడు లాలు, మంగ్లి మొగుడు. ఈ పంట పోతే మల్బరీ దున్నించి భూమిని చెంచురామయ్యకు కౌలుకిస్తామని పెద్దమనుషుల ముందు మాటిచ్చిన ఘనుడు. పంట పోదన్న ధైర్యంతో మంగ్లి కూడా సరేనంది. ఇప్పుడు ఆమె గుమ్మం పక్కన కూలబడి ఉంది. తోట పోయినట్టే అనుకుంటోంది.

"ఏం జరిగింది అక్కా?" సోని అడిగింది.

"తెల్లారంగ మేత ఏసిన మేడం. మంచిగ తిన్నయి. ఆకు కొయ్యనీకె తోటకు పోయిన. వచ్చేసరికి గిట్ల పడ్డయి. ఈ చెంచురామయ్య మిరపకు మందు కొట్టిండు. గాలికి ఇటొచ్చింది."

చెంచురామయ్య నవ్వాడు. "నా చేనుకు నేను మందు కొట్టుకుంటే కేసా అమ్మా? పురుగుల పెంట మధ్య కాపురం చేసేవాళ్లకు రోగాలు రాక ఏమొస్తాయి?"

"మందు ఎప్పుడు కొట్టారు?"

"పొద్దున్నే. పది మంది కూలీలు చూశారు. షెడ్డు దరిదాపులకు కూడా రాలేదు నేను."

"లాలూ, నువ్వు యాడున్నవ్?"

"ఇంట్లనే పండుకున్న మేడం. నాకేం ఎర్క లేదు."

సోని బూట్లు విప్పి, గుమ్మం దగ్గరున్న బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకుని లోపలికి వెళ్లింది. వెంట కానిస్టేబుల్ కోటేష్ వెళ్లాడు. శ్రీధర్ కదలలేదు.

ఒక తట్టలో చెయ్యి పెట్టి పై ఆకు తొలగించింది. ఆకు మీద తెల్లటి పొడి, పైపొరంతా తడి. పచ్చగా, జారుగా, ఆకుకు పూసినట్టున్న పెంట. దాని కిందది రాత్రి మేత పొర. అందులో నల్లటి గట్టి పెంట గింజలున్నాయి. పదిహేను తట్టలు చూసింది. అన్నీ అంతే.

తలుపు పక్కన, మిరప చేను వైపు కిటికీ కింద ఒక తట్ట విడిగా ఉంది. అందులో పురుగులు కరకరా ఆకు తింటున్నాయి. పెంట పైనా కిందా గట్టిగానే ఉంది.

పిడికెడు గింజలు తీసుకుని బయటికొచ్చింది. అరచెయ్యి శ్రీధర్ ముక్కు కింద పెట్టింది. అతను వెనక్కి జరిగాడు.

"జరగకండి సార్. మీరు చదువుకున్న సబ్జెక్టే. ఈ గింజకు ఆరు పలకలు ఎందుకున్నాయి?"

శ్రీధర్ కర్చీఫ్ ఇంకాస్త బిగించుకున్నాడు.

"పురుగు పొట్ట చివర ఒక నరాల ముడి ఉంటుంది. ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అని చివరి పేగు కండరాలకు ఆర్డర్ వేసేది అదే. పేగు నీళ్లు పీల్చుకుంటుంది. పేగుకున్న ఆరు మడతల మధ్య కండరాలు నొక్కుతాయి. పెంట ఆరు పలకల గింజై బయటికొస్తుంది. నరాల మీద పనిచేసే మందు తగిలితే ఆ ముడికి పిచ్చెక్కుతుంది. ఆర్డర్లన్నీ తారుమారు. ఉన్నదంతా నీళ్లలా జారిపోతుంది."

"తెగులొచ్చినా జారుతుంది మేడం," శ్రీధర్ గొణిగాడు.

"జారుతుంది. మెల్లమెల్లగా, రోజుకింత మెత్తబడుతూ జారుతుంది. ఇక్కడ రాత్రి దాకా రాయిలా ఉంది. పొద్దున మేతతో ఒక్కసారిగా నీళ్లయింది. లోపలికి నాలుగడుగులు వేసుంటే మీకూ కనిపించేది. ఇది తెగులు కాదు, విషం."

మంగ్లి లేచి నిలబడింది. "నేను చెప్పలే? ఆయన కొట్టిన మందే."

"కాదక్కా. గాలికొస్తే కిటికీ కింది తట్ట ముందు చావాలి. అదొక్కటే బతికింది. ఎవరో తట్ట తట్టకూ తెల్లటి విషప్పొడి చేత్తో చల్లారు. తట్టల్లో తడి ఆరనీకె మీరు రోజూ చల్లే సున్నం పొడి కూడా తెల్లగానే ఉంటది కాబట్టి నీకు అనుమానం రాలేదు. మరి ఆ తట్టను ఎందుకు వదిలారు? శ్రీధర్ గారూ?"

"ఏదో కో-ఇన్సిడెన్స్ మేడం."

"చెంచురామయ్య గారూ?"

"నాకెట్లా తెలుస్తుంది? నాకన్నీ పురుగులే."

"నిజమే. దొంగతనంగా వచ్చే బయటివాడికి ముందు చేతికందేది తలుపు పక్క తట్టే. దాన్ని వదలడు. అక్కా, నువ్వు చెప్పు."

"తల్లి కాపాడింది మేడం. అది సీత్లా తల్లి తట్ట. దాని గూళ్లు అమ్మం, తల్లికి పెడ్తం."

"దాని మీద గుర్తేం లేదు. మరి అది తల్లి తట్టని ఎవరెవరికి ఎర్క?"

"నాకు, మా ఇంటాయనకు..."

మంగ్లి అక్కడే ఆగిపోయింది. మొగుడి వైపు తిరిగింది.

లాలు నేల చూపులు చూశాడు. "తల్లి తట్ట మీదికి చెయ్యి లేవలే మేడం."

"పెండ్లాం కష్టం మీదికి మంచిగ లేచింది," అంది సోని. "పొడి ఎవరిచ్చిండు?"

"చెంచురామయ్య సారు. పామాయిల్ తోటల సూపర్‌వైజర్‌గ పెట్టుకుంటనన్నడు. మిగిలిన పొట్లం ఇంటి చూరుల ఉన్నది."

చెంచురామయ్య ముఖం మాడింది. "తాగుబోతు మాటలు నమ్ముతారా? ఇది మొగుడూ పెళ్లాల గొడవ. నాకేం సంబంధం?"

"పొట్లం మీద ఎవరి వేలిముద్రలున్నాయో చూసి సంబంధం కలుపుతాం. కోటేష్, చూరు వెతుకు. శ్రీధర్ గారూ, గుడ్లు?"

"ఇస్తాం మేడం. వచ్చే బ్యాచ్‌లోనే ఇస్తాం," అన్నాడు శ్రీధర్. కర్చీఫ్ ఎప్పుడు తీశాడో జేబులో పెట్టేసుకున్నాడు.

లాలు మంగ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "పరువు పోతది మంగ్లీ. నా పేరు తియ్యమను. ఆయన మీదనే పెట్టుమను. రేపటి సంది నేనే ఆకు కోస్త."

సోని మంగ్లి వైపు చూసింది. మంగ్లికి సిగ్గుతో, కోపంతో ఏడుపొచ్చింది. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"ఇద్దరి పేర్లు రాయి మేడం," అంది. "ఈయనది ముందు రాయి."